గంజి వంపితే... గంగలో కలుస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల గంజి, ఎల్బీనగర్ కాలనీల మురుగు, వానకు కొట్టుకొచ్చే ఎండుటాకులు... అన్నీ మూసీలోకే. మూసీ కృష్ణలోకి, కృష్ణ సముద్రంలోకి. మరి వాటిలోని కర్బనం నిజంగా సముద్రం దాకా వెళ్తుందా? వెళ్తే అక్కడేమవుతుంది? బంగాళాఖాతంలో శాస్త్రవేత్తలు దాదాపు నలభై ఏళ్లుగా తేలుస్తున్న లెక్క ఇది.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే అడుగడుగునా హాస్టళ్లే. పోటీ పరీక్షల కోచింగు కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు, ఉద్యోగం దొరికినా గది మారనివాళ్లు... అందరికీ పొద్దున్నే అన్నం సిద్ధంగా ఉండాలి. బియ్యం ఉడుకు పట్టగానే వంటమనిషి గిన్నె మీద మూత అడ్డంపెట్టి, గుడ్డ పట్టుకుని, చిక్కటి తెల్లటి గంజిని తూములోకి వంపేస్తుంది. రెండు నిమిషాల పని. ఆ తర్వాత దాని గురించి ఆలోచించేవాళ్లుండరు.

కానీ ఆ గంజికి పెద్ద ప్రయాణమే ఉంది. గల్లీ డ్రైనేజీ, నాగోలు, మూసీ, వాడపల్లి దగ్గర కృష్ణ, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, దివిసీమ, హంసలదీవి... మ్యాపు మీద వేలుపెట్టి గీసుకుంటూ పోతే గీత వెళ్లి బంగాళాఖాతంలో ఆగుతుంది. 'మురుగంతా చివరికి సముద్రంలోకే కదా' అని మనం తేలిగ్గా అనేది అందుకే. ఆ మాట ఎంతవరకూ నిజం? నీటి సంగతి కాసేపు పక్కనపెట్టి, అందులో కొట్టుకుపోయే ఒకే ఒక్క సరుకు వెంట నడిచి చూస్తే జవాబు మనం అనుకున్నట్టుగా ఉండదు. ఆ సరుకు పేరు సేంద్రియ కర్బనం.

తింటారా... కప్పేస్తారా?

రైతులకి ఈ పేరు కొత్తేమీ కాదు. భూసార పరీక్ష కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో పాటు 'సేంద్రియ కర్బనం' అని ఓ గడి ఉంటుంది. ప్రాణమున్న ప్రతిదానిలోనూ, ఒకప్పుడు ప్రాణమున్న ప్రతిదానిలోనూ ఉండేది ఇదే. ఆకు, కట్టె, పేడ, చేప పొలుసు, మన తల వెంట్రుక... దేన్ని తీసుకున్నా అంతే. కిలో బియ్యంలో సుమారు 400 గ్రాములు కర్బనమే! గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని ఎండ సాయంతో మొక్క పేర్చుకున్న ఇటుకలివి.

ఆ ఇటుకలకి రెండే దారులు. ఏ సూక్ష్మజీవో వాటిని విడగొట్టి తినేస్తే కర్బనం తిరిగి వాయువై గాలిలో కలుస్తుంది. ఎవరూ తినకముందే బురద కింద పడిపోతే వేల ఏళ్లు, ఒక్కోసారి కోట్ల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. కాకినాడ తీరానికి ఆవల 2002లో కనిపెట్టిన కేజీ-డి6 గ్యాసు ఎక్కడిదనుకున్నారు? ఎప్పుడో నదులు మోసుకొచ్చిన, సముద్రంలో చచ్చిపడిన జీవుల కర్బనం ఒండ్రు కింద చిక్కుకుని మీథేన్‌గా మారిందే. అంటే మన పొయ్యి మీద గంజి ఉడికించే మంటా, ఆ గంజీ... రెండూ ఒకే సరుకు. ఒకటి నిన్నమొన్నటిది, ఇంకొకటి లక్షల ఏళ్లనాటిది.

కొండ మీద రాలిన ఆకు నుంచి సముద్రపు అడుగున చేరిన బురద దాకా అన్నిచోట్లా జరిగేది ఈ పందెమే. తినేవాళ్లు ముందా, కప్పేసే మట్టి ముందా?

సరూర్‌నగర్‌లో మొదటి మజిలీ

తూర్పు హైదరాబాద్‌లో ఈ పందెం చాలా దగ్గర్నుంచి కనిపిస్తుంది. ముక్కుకి తెలుస్తుంది అనడం ఇంకా సరైన మాట. సరూర్‌నగర్ చెరువు 1626లో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వింది. ఇప్పుడున్నది సుమారు 99 ఎకరాలు. మీర్‌పేట, బైరామల్‌గూడ వైపు నుంచి వచ్చే నీళ్లు ఇందులోకి చేరి, నిండాక చైతన్యపురి మీదుగా మూసీ దారి పడతాయి. 2020 అక్టోబరు వానలకి ఆ దారి చాలక నీళ్లు కోదండరామ్‌నగర్ ఇళ్లలోకి దూరాయి. ఎన్నో కాలనీలు రోజుల తరబడి మునిగాయి. మామూలు రోజుల్లో చెరువు నెమ్మదిగా ఉంటుంది. నెమ్మదిగా ఉన్న నీటిలో రేణువులు కిందికి దిగుతాయి. ఆకులు, మురుగులోని చెత్త, నాచు అడుగున పేరుకుని నల్లటి బురదవుతాయి. గాలి అందని ఆ బురదలో బుడగలు లేస్తుంటాయి చూడండి... అది సూక్ష్మజీవులు కర్బనాన్ని మీథేన్‌గా మార్చి వదులుతున్న ఊపిరి.

కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఆ పక్కనుంచి వెళ్లినవాళ్లకి వేసవి వాసన ఇంకా గుర్తుండే ఉంటుంది. కుళ్లిన మామిడి, అరటి బోదెలు, పుచ్చకాయ తొక్కలు, ప్యాకింగు గడ్డి... అంతా సేంద్రియ కర్బనమే! మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలింది. ఆ స్థలంలో ఆసుపత్రి నిర్మాణం చేపట్టారు. అడుగున కుళ్లుతున్న పుల్లటి వాసన అంటే పందెంలో తినేవాళ్లు గెలుస్తున్నారని అర్థం.

ఇళ్ల మురుగుది ఇంకో దారి. నాగోలులో మూసీ ఒడ్డునున్న శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకి 17 కోట్ల 20 లక్షల లీటర్లు. నదికి కాస్త ఎగువన అంబర్‌పేటలో ఉన్నది ఇంకా పెద్దది, 33 కోట్ల 90 లక్షల లీటర్లు. ఇవి చాలక ఇటీవలి సంవత్సరాల్లో నాగోలులోనే 32 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మరోటి చేపట్టారు. పేరు శుద్ధి కేంద్రమే గానీ జరిగేది మాత్రం భోజనాలే! మురుగుని గాలి తగలని పెద్ద తొట్లలోకి కింది నుంచి పైకి పంపిస్తారు. అడుగున దుప్పటిలా పరుచుకున్న సూక్ష్మజీవులు అందులోని పిండిపదార్థాలనీ, కొవ్వునీ తిని గ్యాసు వదులుతాయి. గంజిలాంటి సరుకు వాటికి అన్నిటికంటే ఇష్టం. పిండిపదార్థాన్ని విడగొట్టడం తేలిక మరి. అంటే శుద్ధి కేంద్రం గడప తొక్కిన గంజిలో ఎక్కువ భాగం కథ సముద్రం సంగతి అలా ఉంచి, నాగోలు కూడా దాటకుండానే ముగిసిపోతుంది!

శుద్ధి కాకుండా నాలాల్లోంచి నేరుగా పడేదాని సంగతే వేరు. నీటిలో తిండి ఎక్కువైతే తినే సూక్ష్మజీవులూ ఎక్కువవుతాయి. అవి నీటిలోని ఆక్సిజన్ మొత్తం పీల్చేస్తాయి. మురుగు ఎంత ఆక్సిజన్ మింగుతుందో చెప్పే కొలతనే బీవోడీ అంటారు. కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో తరచూ కనిపించే మాట ఇది. మూసారాంబాగ్ వంతెన మీద బస్సు ఆగితే కిటికీ మూయని ప్రయాణికుడుంటాడా? ఆ కంపు ఆక్సిజన్ అయిపోయిన నది చేసే ఫిర్యాదు.

కత్వలు చేసిన మేలు

నాగోలు దాటాక మూసీకి వాడపల్లి ఇంకా దాదాపు నూటయాభై కిలోమీటర్లు. నగరం విడవగానే గేదెల కోసం పెంచే గడ్డి మళ్లు, ఆ తర్వాత వరిచేలు. నదికి అడ్డంగా పాతకాలం నుంచీ ఉన్న చిన్న చిన్న ఆనకట్టల్ని ఇక్కడివాళ్లు కత్వలంటారు. వాటి నుంచే కాలువలు చీలి చెరువులు నింపుతాయి. పంటల కోసం కట్టిన ఈ కత్వలు ఎవరూ అడక్కుండానే ఇంకో పని చేస్తున్నాయని పరిశోధకులు గమనించారు. పటాన్‌చెరులో కార్యాలయమున్న అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థతో కలిసి చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. నగరం దిగువన 40 కిలోమీటర్ల మేర నీళ్లు పరీక్షిస్తే కత్వ దాటినకొద్దీ బీవోడీ తగ్గుతూ వచ్చింది. ప్రతి కత్వ వెనకా నీరు నిలుస్తుంది. రేణువులు దిగుతాయి, ఎండ తగులుతుంది, సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి. కరెంటు లేదు, మోటారు లేదు. పొడవాటి శుద్ధి కేంద్రం!

అలాగని మూసీ నీళ్లు మంచివైపోయాయని కాదు. కర్బనం తగ్గినంత తేలిగ్గా నత్రజని తగ్గదు. మన మలమూత్రాల్లోంచీ, పొలాల్లో చల్లిన యూరియాలోంచీ వచ్చే నత్రజని నీటిలో కరిగి ముందుకి సాగుతూనే ఉంటుంది. పరిశ్రమల రసాయనాలదీ, లోహాలదీ ఇంకో బాధ. కర్బనం ఒక్కదాని లెక్క మాత్రం ఇక్కడ స్పష్టం. దిల్‌సుఖ్‌నగర్ తూములో పడ్డ గంజిలో కృష్ణను చూసేది నామమాత్రం. ఆ నామమాత్రానికీ ముందు పులిచింతల, ఆ తర్వాత విజయవాడ బ్యారేజీ అడ్డం.

మరి నదులు సముద్రానికి ఏం మోసుకెళ్తున్నట్టు? చెప్పాలంటే పట్నాల గంజికంటే పాతది, మొండిది. అడవుల్లో రాలిన ఆకుల రసం, చెక్క పొట్టు, నల్లరేగడి మట్టి రేణువులకి అంటుకుని ఉన్న కర్బనం. తేలిగ్గా అరిగేది దారిలోనే అయిపోతుంది. అరగనిదే చివరిదాకా వెళ్తుంది.

గోదారి మొగలో...

నది సముద్రంలో కలిసే చోటుని గోదావరి జిల్లాల్లో మొగ అంటారు. ఈ లెక్కలు తేల్చడానికి విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఎంచుకున్నది అలాంటి మొగల్నే. ఆ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం గోదావరి మొగలో ఏడాది పొడవునా నీళ్లు పరీక్షించి 2011లో ఓ ఫలితం ప్రకటించింది. ఎండాకాలంలో అక్కడి నీటిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో ఉన్న స్థాయికి కాస్త అటూఇటూగానే ఉంటుంది. వరద వచ్చిందా... ఆ స్థాయికి పదుల రెట్లకు ఎగబాకుతుంది! సోడా సీసా మూత తీసినట్టు నీరు వాయువుని గాలిలోకి వదిలేస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. వరద తెచ్చిన సేంద్రియ పదార్థం మీద సూక్ష్మజీవులు పడి తింటున్నాయి. 

ఉత్తరాది నదుల్లో మంచు కరిగి ఎండాకాలంలోనూ కాస్త నీరుంటుంది. మనవి వాన నదులు. ఏడాది నీటిలో నూటికి 80 వంతులకు పైగా నాలుగైదు నెలల్లోనే సముద్రానికి పోతుంది. అందుకే ఐరోపా నదుల మీద తయారైన లెక్కలు మన దగ్గర సరిపోవు. ఏడాదిలో ఏ నెల కొలిచామన్నదాన్ని బట్టి జవాబే మారిపోతుంది. 2011 వానాకాలంలో అదే సంస్థ దేశం రెండు తీరాల్లోనూ కలిపి 27 నదుల మొగల్లో నమూనాలు సేకరించింది కూడా ఈ కారణంతోనే.

ఇంతకీ సముద్రపు నీటిలో కర్బనాన్ని కొలవడమెలా? వినడానికి తేలిక, చేయడమే కష్టం. ఓడ మీంచి గొట్టాల్లాంటి సీసాల గుత్తిని కిందికి దించుతారు. కావలసిన లోతుకి చేరాక ఒక్కో సీసా మూత పడేలా సంకేతం పంపుతారు. పైకి తెచ్చిన నీటిని గాజునారతో చేసిన వడపోత కాగితంలో వడకడతారు. ఆ కాగితాన్ని ముందే 450 డిగ్రీల్లో కాల్చి ఉంచాలి. లేదంటే కాగితం మీది మురికే కర్బనంగా లెక్కలోకి వస్తుంది. కాగితం మీద మిగిలింది రేణు కర్బనం. కిందికి దిగింది కరిగిన కర్బనం. ఆ నీటిలో కాస్త ఆమ్లం కలిపి ఉప్పుల రూపంలో ఉన్న కర్బనాన్ని తరిమేసి, మిగతాదాన్ని దాదాపు 700 డిగ్రీల వేడిలో కాల్చి, వచ్చిన వాయువుని కొలుస్తారు. లోతు సముద్రపు నీరు లీటరు తీసుకుంటే అందులో దొరికే కరిగిన కర్బనం అర మిల్లీగ్రాము! పరీక్ష చేసే మనిషి చేతి చెమట చాలు లెక్క తప్పడానికి.

లీటరుకి అర మిల్లీగ్రామే. కానీ సముద్రం మొత్తం మీద కలిపితే 66 వేల కోట్ల టన్నులు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఉన్న కర్బనానికి ఇది ఇంచుమించు సమానం కాకపోయినా, దాంతో పోల్చదగ్గ రాశి. ఇక నదులన్నీ కలిసి ఏటా సముద్రంలోకి తెచ్చే సేంద్రియ కర్బనం సుమారు 40 కోట్ల టన్నులు. విచిత్రం ఇక్కడే ఉంది. ఇంత తెస్తున్నా నడి సముద్రంలో నీటిని పరీక్షిస్తే నేలమీది ఆకుల, చెక్కల ఆనవాలు నామమాత్రంగానే దొరుకుతుంది. అమెరికా శాస్త్రవేత్త జాన్ హెడ్జెస్ 1997లో సహచరులతో కలిసి రాసిన వ్యాసానికి పేరే ఓ ప్రశ్న... 'నేలమీది సేంద్రియ పదార్థం సముద్రంలో ఏమవుతోంది?'

జవాబులో పెద్ద భాగం తీరానికి ఆనుకునే ఉంది.

ఇరవై నిలువుల లోతు కాదు, రెండొందల మీటర్లు

సముద్రం ఒడ్డునే అఖాతంలా దిగిపోదు. తీరం నుంచి కొంత దూరం నేల నెమ్మదిగా వాలుతూ వెళ్తుంది. సుమారు 200 మీటర్ల లోతు దాకా ఉండే ఈ మెట్టునే ఖండతీరపు అంచు అని బళ్లో చదువుకున్నాం. అది దాటితే నేల నిటారుగా జారిపోతుంది. ముంబయి తీరాన ఈ మెట్టు 300 కిలోమీటర్ల దాకా విస్తరించి ఉంటే మన కోస్తాలో చాలా ఇరుకు. విశాఖ దగ్గర నలభై కిలోమీటర్ల చిల్లర అంతే.

ప్రపంచ సముద్రాల విస్తీర్ణంలో ఈ అంచు వాటా ఎనిమిది శాతం లోపే. అయినా సముద్రం అడుగున శాశ్వతంగా పూడుకుపోయే సేంద్రియ కర్బనంలో 80 శాతానికి పైగా ఇక్కడా, డెల్టాల ముందరా పూడుతుందని అంచనా. లోతు తక్కువ కాబట్టి రేణువు త్వరగా అడుగు చేరుతుంది. పైనుంచి నది ఒండ్రు దుప్పటి కప్పుతుంది. పందెంలో మట్టి గెలిచే చోటు ఇదన్నమాట.

వాటాలో నది తెచ్చిందెంత, సముద్రం తనంతట తాను తయారు చేసుకున్నదెంత? సముద్రంలో కంటికి కనపడని మొక్కలుంటాయి. వృక్ష ప్లవకాలని పేరు. నేలమీది పైరులాగే వీటికీ ఎండ, నత్రజని, భాస్వరం కావాలి. మూసీ దాటించిన నత్రజని గుర్తుంది కదా... గంజి కర్బనం సముద్రానికి చేరకపోయినా, మన వంటి లోంచి పోయిన నత్రజనిలో కొంత ఇలా అక్కడ పైరుకి ఎరువయ్యే వీలుంది. ఆ పైరు చచ్చి రాలితే కొత్త కర్బనం. లెక్కలో గంజి తీసేసినా నగరాన్ని తీసేయలేకపోవడానికి కారణం ఇదే.

అంచు మీద పడ్డదంతా అక్కడే కుదురుగా ఉండదు. తూర్పు తీరాన్ని ఆనుకుని పారే ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఉత్తరం వైపు, అక్టోబరు తర్వాత దక్షిణానికి. దసరా నాటికి గంగా, మహానదుల తీపి నీళ్లు కూడా ఆంధ్ర తీరం మీదుగానే దిగొస్తాయి. తుపాను వస్తే నిన్న పూడినదాన్ని ఇవాళ తవ్విపోస్తుంది. ఇంకొంత బురద సముద్రంలోని లోయల వెంట జారి లోతుకి వెళ్లిపోతుంది.

ఆకు మైనం చెప్పిన కథ

ఆకుల మీద నీళ్లు నిలవకుండా జారిపోవడం చూసే ఉంటారు. పైన పల్చటి మైనం పొర ఉంటుంది. సూక్ష్మజీవులకి అది ఏమాత్రం రుచించదు. ఆకు కుళ్లినా మైనం మిగిలి, మట్టితో కలిసి నది వెంట వెళ్లి సముద్రం అడుగున పడుతుంది.

2006లో మన ప్రభుత్వం గ్యాస్ హైడ్రేట్ల కోసం జోయిడెస్ రెజల్యూషన్ అనే తవ్వకపు నౌకని తెప్పించింది. గడ్డకట్టిన మంచులో మీథేన్ బంధించి ఉండే పదార్థమే గ్యాస్ హైడ్రేట్. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఒకచోట ఏకంగా 128 మీటర్ల మందాన అది దొరికింది. నాగోలు మీదుగా ఉప్పల్ దాటితే వచ్చే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఈ నిక్షేపాల మీద చాలా పని జరిగింది. ఆ నౌకే గోదావరి ముందర కిలోమీటరుకు పైగా లోతున్న అడుగులోంచి బురద స్తంభాన్ని పైకి తీసింది. అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్ర శాస్త్ర సంస్థకు చెందిన కెమిలో పాంటన్, లివియు జియోసాన్ తదితరులు ఆ బురదలోని ఆకు మైనాన్ని పొరలవారీగా పరీక్షించారు. చెట్ల మైనానికీ, జొన్న, సజ్జ జాతి గడ్డి మొక్కల మైనానికీ కర్బన పరమాణువుల్లో చిన్న తేడా ఉంటుంది. 2012లో వాళ్లు ప్రకటించిందేమిటంటే... సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి దక్కనులో వానలు తగ్గి, ఎండకు తట్టుకునే మొక్కలు పెరిగాయి. ఇంకో అధ్యయనం 2017లో వచ్చింది. అదే కాలం నుంచి నేల కోత కూడా బాగా పెరిగిందని, అందులో అడవి నరికి సేద్యం చేసిన మనుషుల పాత్ర ఉందని చెప్పింది. దక్కను రైతు మొదటి నాగలి చాలు గురుతు సముద్రం అడుగున దొరికిందంటే నమ్మబుద్ధి కాదు! ఆ నది గోదావరి, మన మూసీ కలిసేది కృష్ణలో. అయినా నేల ఒకటే, వాన ఒకటే.

ఊపిరి బిగబట్టిన సముద్రం

ఇదంతా పూడ్చిపెట్టిన కర్బనం సంగతి. పూడకుండా మిగిలింది నీటిలో దిగుతూ ఉంటే సూక్ష్మజీవులు దారిపొడవునా తింటాయి. మూసారాంబాగ్ దగ్గర జరిగినట్టే ఆక్సిజన్ ఖర్చవుతుంది. బంగాళాఖాతంలో వంద మీటర్ల దిగువ నుంచీ కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉంది. మన శాస్త్రవేత్తలతో కలిసి డెన్మార్క్, జర్మనీ పరిశోధకులు చేసిన అధ్యయనం 2016 డిసెంబరులో వెలువడింది. అక్కడ మిగిలిన ఆక్సిజన్ మామూలు పరికరాలు పట్టలేనంత సూక్ష్మం. ఆ కాస్త కూడా పోతే నీటి రసాయనమే మారిపోతుంది. అరేబియా సముద్రంలో ఇప్పటికే జరిగినట్టు నత్రజని భారీగా వాయువై ఎగిరిపోతుంది.

బంగాళాఖాతం ఇంకా అంచునే ఎందుకు నిలబడింది? 1987లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి అఖాతంలో పెద్ద గరాటుల్లాంటి ఉచ్చులు వేలాడదీశాయి. పైనుంచి రాలే రేణువుల్ని పట్టి తూచడం వాటి పని. 1991లో వెలువడిన ఫలితాల్లో ఓ సంగతి తేలింది. నదుల బంకమన్ను చచ్చిన ప్లవకాలకి అంటుకుని వాటిని బరువెక్కిస్తోంది. బరువెక్కిన రేణువు గబగబా దిగిపోతుంది. మధ్యలో తినే సమయం సూక్ష్మజీవులకి దొరకదు. నది మట్టే సముద్రానికి కాస్త ఊపిరి మిగులుస్తోందన్నమాట! హిమాలయాల మట్టి విషయంలోనూ అంతే. ప్రపంచ సముద్రాల్లో పూడే నేలమీది సేంద్రియ కర్బనంలో 10 నుంచి 20 శాతం వాటా ఒక్క బంగాళాఖాతానిదేనని 2007లో ఫ్రాన్స్ పరిశోధకులు లెక్కగట్టారు.

మట్టి ఆగిపోయింది

ఇంత పని చేసే మట్టే ఇప్పుడు రావడం లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మోసుకెళ్లే ఒండ్రు 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు. 1990ల్లో ఆరు కోట్ల టన్నుల లోపు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ఇది. ఎగువ జలాశయాల్లో మట్టి ఆగిపోతోంది. కృష్ణ పరిస్థితి ఇంకా కష్టం. 2000ల తొలినాళ్ల కరువులో బ్యారేజీ దాటి సముద్రం మొహం చూసిన నీళ్లే దాదాపు లేవు. 2019 తర్వాత వందల టీఎంసీలు పోయిన ఏళ్లొచ్చాయి. నీళ్లు పోయినా మట్టి మాత్రం జలాశయాల అడుగునే దిగబడుతోంది.

డ్యాములు కట్టకపోతే పంటలెక్కడివి అంటారా, నిజమే. నాగార్జునసాగర్ లేని నల్గొండనీ, కృష్ణా జలాలు రాని ఎల్బీనగర్ కుళాయినీ ఊహించుకోలేం. అయితే ఈ బేరంలో తీరం ఏం కోల్పోతోందో లెక్క రాయాల్సినవాళ్లు చాలాకాలం రాయలేదు. కరిగిన నత్రజనిని డ్యాము పూర్తిగా ఆపలేదు. ఒండ్రుని మాత్రం ఆపేస్తుంది. అంటే సముద్రానికి ఎరువు వెళ్తోంది, దుప్పటి వెళ్లడం లేదు. పుట్టే కర్బనం ఎక్కువ, కప్పే మట్టి తక్కువ.

డెల్టా అంచులు తెగిపోతున్న సంగతి అక్కడి ఊళ్లకి లెక్కలు చూడకుండానే తెలుసు. కాకినాడ దగ్గర ఉప్పాడలో తీరపు రోడ్డు ఎన్నిసార్లు వేశారో, అన్నిసార్లూ అలలు కోసేశాయి. అక్కడ రేవు కట్టడాల వల్ల ఇసుక కదలిక మారడమూ ఓ కారణమే. కోత పడ్డచోట పాత ఒండ్రు బయటపడుతుంది. వందల ఏళ్ల కిందట పూడిన కర్బనం మళ్లీ నీటిలోకి, మళ్లీ సూక్ష్మజీవుల నోటికి వస్తుంది. గెలిచిన పందెం తిరగబడటం అంటే ఇదే.

తీరం ఇలా మారుతున్నదంతా ఇప్పుడు సముద్రమే లేని హైదరాబాద్ నుంచి కూడా చూస్తున్నారు. ఓషన్‌శాట్ ఉపగ్రహాల వరసలో 1999లో ఒకటి, 2009లో ఇంకోటి, 2022 నవంబరులో మూడోది పైకెళ్లాయి. నీటి రంగుని బట్టి ప్లవకాలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో వీటితో తెలుస్తుంది. నగరంలోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇలాంటి చిత్రాలనూ, నీటి వేడినీ చూసే చేపలు దొరికే చోట్లని మత్స్యకారులకి చెబుతోంది. ఉపగ్రహం పైపొర రంగే చూడగలదు. అడుగున ఎంత పూడిందో చెప్పాలంటే ఇప్పటికీ ఓడ ఎక్కి, సీసాలు దించి, బురద తియ్యాల్సిందే. వరదల రోజుల్లో, అలలు ఎగిసిపడే జులై, ఆగస్టుల్లో ఆ పని ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కర్బనంలో ఎక్కువ భాగం కదిలేది మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ఎర్రనీళ్లు సముద్రంలోకి వెళ్లాయి. జలాశయాలకి చిక్కకుండా తప్పించుకున్న ఆకులూ, మట్టీ, మాన్లూ ఆ నాలుగు రోజుల్లో అంతర్వేది, యానాం మొగలు దాటి అంచు మీద పరుచుకున్నాయి.